తాళం వేసిన ఫోనొక్కటే దిక్కు కాకుండా చూసుకోవడం ఎలా

బ్యాంకు యాప్ తెరవగానే ‘భద్రతా కారణాల వల్ల ఈ పరికరంలో యాప్ పనిచేయదు’ అన్న వాక్యం కనిపించి, ఆపైన ఏది నొక్కినా కదలకపోతే, ఫోను చెడిపోయిందనో పాస్‌వర్డు తప్పు కొట్టామనో కంగారు పడకండి. ఆ యాప్ మీ ఫోను గురించి గూగుల్‌ను వాకబు చేసింది, వచ్చిన జవాబు బ్యాంకు పెట్టుకున్న నిబంధనకు సరిపోలేదు, అంతే. ఈ వాకబునే పరికర ధ్రువీకరణ అంటున్నారు. ఖాతా మీది, అందులోని సొమ్ము మీది, డబ్బు పోసి కొన్న ఫోనూ మీదే అయినా, ఆ ఫోనులో ఏ సాఫ్ట్‌వేర్ నడవాలో మూడో పక్షం ఒప్పుకుంటే తప్ప పని జరగకపోవడం ఇందులోని చిక్కు. తిరుపతి, చిత్తూరు వంటి ఊళ్లలో ఉంటూ ఈ చిక్కుకు వీలైనంత ఎడంగా మసలడానికి ఏ పని తరువాత ఏ పని చేయాలో, తప్పించుకోలేని చోట అభ్యంతరాన్ని ఎవరికి ఎలా రాయాలో ఇక్కడ వివరిస్తున్నాను.

ముందు మీ ఫోను సంగతి తెలుసుకోండి

ప్లే స్టోర్ తెరిచి, పైన మూలన ఉన్న మీ బొమ్మను నొక్కి, సెట్టింగ్స్‌లో ‘అబౌట్’ అన్న భాగంలోకి వెళితే, ప్లే ప్రొటెక్ట్ సర్టిఫికేషన్ అన్న పంక్తి కనిపిస్తుంది. దాని కింద పరికరం సర్టిఫైడ్ అని ఉంటే, తయారీదారు ఇచ్చిన సాఫ్ట్‌వేర్‌నే గూగుల్ ఆమోదించిన రూపంలో మీరు వాడుతున్నారని అర్థం. యాప్‌లు అంతకన్నా లోతైన తనిఖీని ప్లే ఇంటిగ్రిటీ అనే సేవ ద్వారా చేయిస్తాయి. ఇదివరకు ఈ పని చేసిన సేవ పేరు సేఫ్టీనెట్. యాప్ అడుగుతుంది, ఫోనులోని గూగుల్ సేవలు ఫోను స్థితిని పైకి పంపుతాయి, గూగుల్ సర్వరు సంతకం చేసిన తీర్పును తిరిగి ఇస్తుంది, ఆ తీర్పును చూసి మిమ్మల్ని లోపలికి రానివ్వాలో వద్దో యాప్ యజమాని నిర్ణయించుకుంటాడు. తీర్పులో ప్రాథమికం, పరికరం, దృఢం అని మూడు మెట్లు ఉంటాయి. దృఢమైన మెట్టు దాటాలంటే ఫ్యాక్టరీలోనే ఫోను హార్డ్‌వేర్‌లో భద్రపరిచిన రహస్య తాళంచెవి సాక్ష్యం పలకాలి.

ఇక్కడ ఒక విషయాన్ని నిదానంగా గమనించాలి. అలిపిరి తనిఖీ కేంద్రం దగ్గర భద్రతా సిబ్బంది బండి ఆపి లోపల ఏముందో చూస్తారు కానీ, బండిని ఏ మెకానిక్ దగ్గర సర్వీసు చేయించారని అడగరు. పరికర ధ్రువీకరణ అడిగేది ముఖ్యంగా ఆ రెండో ప్రశ్ననే. అందుకే ఏళ్ల తరబడి భద్రతా అప్‌డేట్ ముఖం చూడని పాత ఫోను కూడా, దాని బూట్‌లోడర్ (ఫోను ఏ సాఫ్ట్‌వేర్‌తో మొదలవాలో చూసుకునే తొలి ప్రోగ్రాము) తాళం తీయనంత వరకు, రెండో మెట్టును సాఫీగా దాటగలదు. మరోవైపు, గూగుల్ వారి పిక్సెల్ ఫోనులో, భద్రత మీద దృష్టిపెట్టి వేరే బృందం తయారుచేసే ఆండ్రాయిడ్ రూపం గ్రాఫీన్ ఓఎస్ వేసుకుని, బూట్‌లోడర్‌ను మళ్లీ తాళం వేసి, అప్‌డేట్లన్నీ వచ్చిన వెంటనే ఎక్కించుకునే వ్యక్తి ఆ మెట్టు దగ్గరే ఆగిపోతాడు. గ్రాఫీన్ ఓఎస్‌ను కూడా హార్డ్‌వేర్ సాక్ష్యంతోనే గుర్తించే మార్గం ఆండ్రాయిడ్‌లో ఉంది, దానిని ఎలా వాడాలో ఆ బృందం యాప్ తయారీదారుల కోసం వివరంగా ప్రచురించింది కూడా. బ్యాంకులు ఆ శ్రమ తీసుకోకుండా గూగుల్ తీర్పునే శిరసావహించడానికి భద్రతకన్నా సౌలభ్యమే కారణమని నా అభిప్రాయం.

తరువాత మీ పనుల పట్టిక రాసుకోండి

ఒక కాగితం తీసుకుని, యాప్ ద్వారా మీరు చేస్తున్న పనులన్నింటినీ ఎడమవైపు రాయండి. కుడివైపు, అదే పనిని వెబ్‌సైటులోనో కౌంటరులోనో చేయడానికి ఉన్న దారిని రాయండి. కుడివైపు ఖాళీగా మిగిలిన గడులే మీరు బందీగా ఉన్న చోట్లు.

చాలా గడులు సులువుగానే నిండుతాయి. మూడు వందల రూపాయల ప్రత్యేక ప్రవేశ దర్శనం టికెట్లను తిరుమల తిరుపతి దేవస్థానం వెబ్‌సైటులో ఏ బ్రౌజరు నుంచైనా కొనవచ్చు. కరెంటు బిల్లును దక్షిణ ప్రాంత విద్యుత్ పంపిణీ సంస్థ వెబ్‌సైటులో చెల్లించవచ్చు, ఆ సంస్థ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది కాబట్టి ఫిర్యాదు ఉత్తరం ఇవ్వడానికి కూడా దూరం పోనక్కరలేదు. రైలు టికెట్లకు ఐఆర్‌సీటీసీ వెబ్‌సైటు, ఆధార్ ప్రతికి మైఆధార్ పోర్టల్, ధ్రువపత్రాలకు డిజిలాకర్ వెబ్‌సైటు ఉన్నాయి. 2025 జనవరి 30న రాష్ట్ర ప్రభుత్వం వాట్సాప్ ద్వారా మొదలుపెట్టిన మన మిత్ర సేవలు వాడుకోదగినవే అయినా, ఒక ప్రైవేటు కంపెనీ యాప్ మీద నడుస్తున్నాయి కనుక, అవే పనులు సచివాలయంలోనో మీసేవ కేంద్రంలోనో ఎలా జరుగుతాయో తెలుసుకుని కుడివైపు గడిలో రాసి ఉంచండి.

నిండనిది యూపీఐ గడి. యూపీఐకి వెబ్‌సైటు దారి లేదు. అయితే స్మార్టుఫోను లేనివారి కోసం పెట్టిన రెండు మార్గాలు ఈ తనిఖీకి అసలు అందవు. మొదటిది *99# నంబరు డయల్ చేసి మెనూ ద్వారా డబ్బు పంపడం, ఇందులో ఒక్కో చెల్లింపుకు 5,000 రూపాయల పరిమితి ఉంది. రెండోది 2022 మార్చిలో రిజర్వు బ్యాంకు ప్రారంభించిన యూపీఐ 123పే, దీని పరిమితిని 2024లో 10,000 రూపాయలకు పెంచారు. బ్యాంకులో నమోదైన సిమ్‌ను ఒక కీప్యాడ్ ఫోనులో వేసి, ముందుగా చిన్న మొత్తంతో ప్రయత్నించండి. *99# సేవ అన్ని ఆపరేటర్ల దగ్గరా ఒకేలా పనిచేయదు, మెనూ మధ్యలో తెగిపోవడం కూడా మామూలే. కిరాణా కొట్టు దగ్గర వెనుక పదిమంది నిలబడి ఉండగా దీనితో కుస్తీ పట్టమని నేను చెప్పను. నెలకు నాలుగైదు సార్లు అద్దెకో ఫీజుకో డబ్బు పంపేవారికి మాత్రం ఇది నిజంగానే సరిపోతుంది.

బ్యాంకు పనులకు నెట్ బ్యాంకింగ్‌ను ఇప్పుడే, అవసరం పడకముందే, తెరిపించుకోండి. యాప్ పనిచేయని రోజున దరఖాస్తు పెడితే ఆ నమోదును కూడా యాప్‌లోనే పూర్తి చేయమనే అవకాశం ఉంది. శాఖలో ఎవరైనా ‘ఇకనుంచి అంతా యాప్‌లోనే, రిజర్వు బ్యాంకు నియమం’ అంటే ఆ నియమం సంఖ్యను మర్యాదగా అడగండి. 2025 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు ఇచ్చి, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు చేయమన్న ఆదేశాలు చెల్లింపులకు రెండంచెల ధ్రువీకరణ ఉండాలని, ఎస్సెమ్మెస్ ఓటీపీ కాక ఇతర పద్ధతులూ వాడవచ్చని చెబుతాయి. ఓటీపీని ఎత్తివేయమని ఆ ఆదేశాలు చెప్పలేదు.

బ్రౌజరు ఎంపిక

ఈ తనిఖీని యాప్‌ల నుంచి వెబ్‌సైటులకు కూడా పాకించే ప్రయత్నం ఒకసారి జరిగింది. 2023లో గూగుల్ ఇంజినీర్లు వెబ్ ఎన్విరాన్‌మెంట్ ఇంటిగ్రిటీ అనే ప్రతిపాదనను బయటపెట్టారు. మీ బ్రౌజరు, మీ కంప్యూటరు ‘నమ్మదగినవే’ అని ఒక మధ్యవర్తి సంతకం చేస్తే, ఆ సంతకాన్ని వెబ్‌సైటు చూడగలగడం దాని సారాంశం. మొజిల్లా, బ్రేవ్, వివాల్డీ వంటి బ్రౌజరు సంస్థలు, అసంఖ్యాకంగా సామాన్య వాడుకరులు వ్యతిరేకించడంతో అదే ఏడాది నవంబరులో గూగుల్ దానిని విరమించుకుంది. కథ అక్కడితో ముగియలేదు. అంతకు ముందే, 2022లో, ఆపిల్ తన ఫోన్లలో ప్రైవేట్ యాక్సెస్ టోకెన్లు అనే పద్ధతిని ప్రవేశపెట్టింది. ‘నేను రోబోను కాను’ పరీక్షలను ఐఫోను వారికి తప్పించే ఈ పద్ధతిలో వ్యక్తిగత వివరాలు బయటపడకుండా జాగ్రత్త తీసుకున్నమాట నిజమే కానీ, కంపెనీ ఒప్పుకున్న పరికరం ఉన్నవారికి రాచబాట, లేనివారికి పరీక్షల క్యూ అన్న విభజన అందులోనూ ఉంది.

కాబట్టి ఫోనులోనూ కంప్యూటరులోనూ ఫైర్‌ఫాక్స్‌ను ప్రధాన బ్రౌజరుగా పెట్టుకోండి. క్రోమ్, ఎడ్జ్, బ్రేవ్, ఒపేరా అన్నీ గూగుల్ అభివృద్ధి చేసే ఇంజను మీదే నడుస్తాయి. వేరే ఇంజనుతో వచ్చేవారు ఎవరూ లేరని లెక్కల్లో తేలిన రోజున, ఒకే ఇంజను కోసం వెబ్‌సైటులు కట్టడానికి ఎవరూ వెనుకాడరు. తరచుగా వాడే వెబ్‌సైటును ఫైర్‌ఫాక్స్ మెనూలోంచి హోమ్ స్క్రీన్ మీదకు చేర్చుకుంటే, ఆ గుర్తును నొక్కడం యాప్ తెరిచినంత తేలికగానే ఉంటుంది.

ఓటీపీ యాప్ అడిగే సైటులలో, ఆ కంపెనీ సొంత యాప్‌లో ‘అవును’ నొక్కే పద్ధతికి బదులు ఆరంకెల కోడ్ పద్ధతిని ఎంచుకుని, ఏజిస్ వంటి స్వేచ్ఛా యాప్‌లో దాచుకోండి. బ్యాకప్ తీయడం మాత్రం మరవకండి.

కొత్త ఫోను కొనేటప్పుడు

లీలామహల్ సర్కిల్ దగ్గరైనా, చిత్తూరు బజారులోనైనా, దుకాణదారు కెమెరా గురించి, ఈఎంఐ గురించి గుక్క తిప్పుకోకుండా చెబుతాడు. బూట్‌లోడర్ గురించి మాత్రం మీరే అడగాలి. ప్రదర్శనకు పెట్టిన ఫోనును చేతిలోకి తీసుకుని, సెట్టింగ్స్‌లో ‘అబౌట్ ఫోన్’ తెరిచి, బిల్డ్ నంబరును ఏడుసార్లు వరుసగా నొక్కండి. కొన్ని ఫోన్లలో ఆ నంబరు మరో పేజీ లోపల ఉంటుంది. ‘మీరిప్పుడు డెవలపర్’ అన్న సందేశం వచ్చాక, కొత్తగా కనిపించే డెవలపర్ ఆప్షన్స్‌లో బూట్‌లోడర్ తాళం తీసి వేరే సాఫ్ట్‌వేర్ వేసుకోనిచ్చే ‘ఓఈఎం అన్‌లాకింగ్’ అన్న స్విచ్ ఉందేమో చూడండి. బూడిదరంగులో నిద్రపోతూ ఉంటే వైఫైకి కలిపి మళ్లీ చూడండి, నెట్ తగిలాకే అది మేల్కొనే ఫోన్లు ఉన్నాయి.

స్విచ్ ఉన్నంత మాత్రాన పని అయినట్టు కాదు. పిక్సెల్ ఫోన్లను కేబుల్, ఒక కమాండుతో తెరవవచ్చు. మోటొరోలా చాలా మోడళ్లకు తన వెబ్‌సైటు ద్వారా కోడ్ ఇస్తుంది. షావోమీ తన ఖాతాతో అనుమతి అడగమని, రోజుల తరబడి ఆగమని చెబుతుంది. కొన్ని బ్రాండ్లు ఎంత అడిగినా ఇవ్వవు. అందువల్ల కొనబోయే కచ్చితమైన మోడల్‌కు, చాలా రకాల ఫోన్లలో వేసుకోగల స్వేచ్ఛా ఆండ్రాయిడ్ రూపం లీనేజ్ ఓఎస్ పరికరాల జాబితాలో చోటు ఉందో లేదో ముందుగా చూసుకోవడం అన్నింటికన్నా నమ్మదగిన పద్ధతి.

దీనికి చెల్లించవలసిన వెల కూడా ముందే తెలిసి ఉండాలి. బూట్‌లోడర్ తాళం తీసిన క్షణంలో ఫోనులోని సమాచారమంతా చెరిగిపోతుంది. వైడ్‌వైన్ అనే కాపీ నిరోధక వ్యవస్థ పైస్థాయి నుంచి కిందిస్థాయికి జారడం వల్ల, చందా కట్టిన సినిమా సేవల్లో చిత్రం మసకబారవచ్చు. వెబ్‌లో వీడియోలకు ఈ రకమైన తాళాన్ని వెబ్ ప్రమాణాలు నిర్ణయించే డబ్ల్యూ3సీ సంస్థ 2017లో ఆమోదించినప్పుడు, డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ ఆ నిర్ణయానికి నిరసనగా సభ్యత్వం వదులుకుంది. కొన్ని చెల్లింపు యాప్‌లు కూడా ఆగిపోతాయి.

ఆగిపోయిన యాప్‌లను నడిపించడానికి, ఫోను తాళం వేసి ఉన్నట్టు అబద్ధం చెప్పించే మాడ్యూళ్లు దొరుకుతాయి. వాటి జోలికి పోవద్దని నా సలహా. ఈ వారం పనిచేసింది వచ్చే వారం పనిచేయదు, డబ్బు వ్యవహారంలో ఖాతా ఆగిపోతే వాదించడానికి మీ చేతిలో ఆధారం ఉండదు. అన్నింటికీ మించి, మీరు తప్పుడు సాక్ష్యంతో లోపలికి వెళ్లిన ప్రతిసారీ బ్యాంకు లెక్కల్లో మరో ‘తాళం ఉన్న ఫోను’గానే నమోదవుతారు, ఈ నిబంధన వల్ల ఎవరికీ ఇబ్బంది లేదన్న వారి వాదనకు మీరే ఒక అంకెను చేర్చినవారవుతారు. అంతకన్నా మేలైన రాజీమార్గం ఉంది. ఇంట్లో పక్కన పడేసిన పాత సర్టిఫైడ్ ఫోను ఉంటే, దానిలో బ్యాంకు యాప్‌లు తప్ప మరేమీ ఉంచకుండా, దానిని ఇంట్లోనే బీరువాలో పెట్టుకుని, రోజూ చేతిలో తిరిగే ఫోనును మీ ఇష్టప్రకారం వాడుకోవడం. దొంగ లింకుల బెడద ఎక్కువైన ఈ రోజుల్లో డబ్బును రోజువారీ ఫోనుకు దూరంగా ఉంచడం అదనపు లాభం.

బయటి నుంచి యాప్‌లు వేసుకోవడం

స్వేచ్ఛా యాప్‌ల భాండాగారమైన ఎఫ్-డ్రాయిడ్ వంటి చోట్ల నుంచి యాప్‌లు వేసుకునేవారు మరో మార్పును గమనిస్తూ ఉండాలి. సర్టిఫైడ్ ఆండ్రాయిడ్ ఫోన్లలో ఎక్కించే యాప్‌ల తయారీదారులందరూ, ప్లే స్టోర్ వెలుపలి వారితో సహా, తమ గుర్తింపును గూగుల్ వద్ద నమోదు చేసుకోవాలని 2025 ఆగస్టులో ఆ సంస్థ ప్రకటించింది. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయ్‌లాండ్‌లలో మొదలుపెట్టి 2027 నుంచి మిగతా దేశాలకు విస్తరించాలన్నది ఆ ప్రకటన. విమర్శలు వచ్చాక, తెలిసి సాహసించే వాడుకరులకు వేరే దారి ఉంచుతామని నవంబరులో చెప్పింది. కంప్యూటరుకు కేబుల్‌తో కలిపి, ఏడీబీ అనే ఆండ్రాయిడ్ డెవలపర్ల పనిముట్టు ద్వారా ఎక్కించే పద్ధతి కొనసాగుతుందని కూడా చెప్పింది కనుక, ఆ పద్ధతిని ఇప్పుడే నేర్చుకుని ఉంచుకోండి. ఎస్వీయూలోనో ఐఐటీలోనో చదివే పిల్లలు ఇంట్లో ఉంటే ఒక సాయంత్రం సరిపోతుంది.

ఆ పిల్లలకే మరో మాట. ఊళ్లోని లాడ్జికో ట్రావెల్స్‌కో సైటు కట్టిపెట్టేటప్పుడు పాస్‌కీ (పాస్‌వర్డు బదులు ఫోను తాళంతోనే లోపలికి వెళ్లే పద్ధతి) సౌకర్యం ఇస్తే, దాని అమరికలో పరికర సాక్ష్యం అడిగే ఎంపికను ‘నన్’ దగ్గరే ఉంచండి. మోసాలను అడ్డుకోవడానికి ఒకే ఖాతా నుంచి వచ్చే అభ్యర్థనలకు పరిమితి పెట్టడం, అనుమానం వచ్చిన చెల్లింపును కాసేపు ఆపడం వంటి పనులు సర్వరు వైపే చేయండి.

ఉత్తరం రాయడం

బ్యాంకుకు రాసే ఫిర్యాదులో ‘మీ విధానం అన్యాయం’ అని రాస్తే ఆ ఉత్తరం ఎటూ కదలదు. బ్యాంకు వ్యాపార నిర్ణయాల మీద వచ్చే ఫిర్యాదులను రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ స్వీకరించరు. సేవాలోపం మీద వచ్చే వాటిని స్వీకరిస్తారు. కాబట్టి విధానాన్ని పక్కన పెట్టి, అందని సేవను పేరు పెట్టి చెప్పాలి. ముందుగా లోపం సందేశాన్ని స్క్రీన్‌షాట్ తీసి, తేదీ, సమయం రాసుకుని, ఇలా రాయవచ్చు:

‘మీ శాఖలో నాకు పొదుపు ఖాతా ఉంది. ఫలానా తేదీ ఉదయం ఫలానా సమయానికి మీ మొబైల్ యాప్ జతచేసిన సందేశాన్ని చూపి ఆగిపోయింది. నమోదిత సిమ్, కార్డు, పిన్ అన్నీ నా వద్దనే ఉన్నాయి, నా గుర్తింపు విషయంలో ఏ సందేహమూ మీరు వ్యక్తం చేయలేదు. నెట్ బ్యాంకింగ్‌లో కొత్త లబ్ధిదారును చేర్చడానికి ఆ యాప్ ఆమోదమే అవసరమని మీ సిబ్బంది చెప్పారు. యాప్ లేకుండా ఈ సేవ పొందే మార్గాన్ని రాతపూర్వకంగా తెలియజేయగలరు. అటువంటి మార్గం లేనట్లయితే, సేవ అందలేదన్న నా ఫిర్యాదును నమోదు చేసి సంఖ్య ఇవ్వగలరు.’

రెండు ప్రతులు తీసుకెళ్లి, ఒకదాని మీద ముద్ర, తేదీ, సంతకం వేయించుకోండి. ముద్ర వేయడానికి తటపటాయిస్తే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తికరంగా లేకపోయినా, రిజర్వు బ్యాంకు ఫిర్యాదుల వెబ్‌సైటైన సీఎంఎస్ పోర్టల్‌లో ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు, సందేహాలకు 14448 నంబరు ఉంది.

ప్రభుత్వరంగ బ్యాంకు అయినా, ప్రభుత్వ శాఖ అయినా, విద్యుత్ సంస్థ అయినా 2005 నాటి సమాచార హక్కు చట్టం కిందికి వస్తాయి. పది రూపాయల రుసుముతో దరఖాస్తు పెట్టి, ‘ఎందుకు పెట్టారు’ అని అడగకుండా, ‘పెట్టాలని నిర్ణయించిన ఉత్తర్వు లేదా ఫైలు నోట్ ప్రతి’ని అడగండి. కారణాలు చెప్పే బాధ్యత సమాచార అధికారికి లేదు, ఉన్న కాగితం ఇచ్చే బాధ్యత ఉంది. ఈ తనిఖీ వల్ల గత సంవత్సరంలో యాప్ తెరవలేకపోయిన ఖాతాదారుల సంఖ్య తమ రికార్డుల్లో ఉంటే ఇవ్వమని రెండో ప్రశ్నగా అడగండి. భద్రతా రహస్యమని తిరస్కరించడానికి వీలులేకుండా, తనిఖీ ఎలా జరుగుతుందో సాంకేతిక వివరాలు మాత్రం అడగకండి. ప్రభుత్వ శాఖకు రాసేటప్పుడు, 2010 నవంబరులో కేంద్రం ప్రకటించిన ఈ-గవర్నెన్స్ బహిరంగ ప్రమాణాల విధానాన్ని ప్రస్తావించి, దానికి అనుగుణంగా వెబ్‌సైటు దారిని కొనసాగిస్తారా అని అడగడం ఉపయోగకరం.

ఇటువంటి ఉత్తరాలతో ఏమవుతుందని కొందరు పెదవి విరుస్తారు. అన్ని కొత్త ఫోన్లలో సంచార్ సాథీ యాప్‌ను ముందే ఎక్కించాలని టెలికం శాఖ ఇచ్చిన ఆదేశం 2025 డిసెంబరు మొదట్లో బయటికి పొక్కితే, దేశమంతటా అభ్యంతరాలు వచ్చి, డిసెంబరు 3న ఆ శాఖే దానిని వెనక్కి తీసుకుంది. దేశమంతా కదిలిన ఆ వ్యవహారంతో ఒక బ్యాంకు శాఖలో ఇచ్చిన ఉత్తరాన్ని పోల్చలేము కానీ, నంబరు పడిన ఫిర్యాదు ఎవరో ఒకరు జవాబు రాయక తప్పని కాగితం అవుతుంది. సమాచార హక్కు దరఖాస్తుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే, గడువు ముగిసిన తరువాతి 30 రోజుల్లోగా అదే కార్యాలయంలోని మొదటి అప్పిలేట్ అధికారికి అప్పీలు పెట్టండి. దానికి దరఖాస్తు ప్రతిని, పోస్టల్ రసీదును జతచేయండి.